గుండె మాత్రలు వేసుకునేవారు నాడి ఎందుకు లెక్కపెట్టుకోవాలి?



"పచ్చకామెర్లవాడికి లోకమంతా పచ్చగా కనబడుతుంది" అని మన పెద్దలు అంటారు. ఈ సామెతను నమ్మి ఒక కుటుంబం విలువైన రెండు రోజులు పోగొట్టుకుంది. ఆ సంగతితోనే ఈసారి పాఠం మొదలుపెడతాను.

నాలుగేళ్ల క్రితం, మే నెల. డెబ్బై ఏళ్లకు దగ్గరపడిన ఒక అమ్మగారు గుండె బలహీనతకు మన ఆసుపత్రి మందులే వాడుతున్నారు. డిగాక్సిన్ మాత్ర, ఒంట్లో నీరు తీయడానికి లాసిక్స్ మాత్ర. ఆ ఎండల్లో ఆమెకు విరేచనాలు పట్టుకుని రెండు రోజులు బాధపడ్డారు. విరేచనాలు తగ్గినా అన్నం సయించలేదు. ఎప్పుడూ వాంతి వచ్చేటట్టే ఉండేది. ఇంట్లోవాళ్లు గ్యాస్ అనుకుని మెడికల్ షాపులో అడిగి మాత్రలు తెచ్చి వేశారు. నాలుగో రోజున ఆమె కోడలితో, "ఏంటో అమ్మాయ్, గోడలన్నీ పచ్చగా కనబడుతున్నాయి" అన్నారట. ఇంకేముంది, కామెర్లు అనుకున్నారు. పక్క ఊరిలో పసరు పోసే ఆయన దగ్గరకు తీసుకువెళ్లారు. రెండు రోజులు పసరు తాగారు. ఆరో రోజు తెల్లవారుజామున బాత్‌రూమ్‌కు వెళుతూ కళ్లు తిరిగి పడిపోతే అప్పుడు మన దగ్గరకు తెచ్చారు.

ఆమె కళ్లు చూశాను. తెల్లగానే ఉన్నాయి. నాడి చూశాను. నిమిషానికి 38. అదీ సమంగా లేదు, మధ్యలో తప్పుతోంది. రక్తంలో పొటాషియం 2.6కు పడిపోయింది, క్రియాటినిన్ 2.2కు పెరిగింది. అది కామెర్లు కాదు. డిగాక్సిన్ ఒంట్లో ఎక్కువైపోయింది.

ఆమె మాత్రలు ఎక్కువ వేసుకున్నారా? లేదు. చీటీలో రాసినట్టే వేసుకున్నారు. కోడలు ఏడుస్తూ నాతో అన్న మాట ఇప్పటికీ మరచిపోలేదు: "సిస్టరమ్మా, ఒక్క రోజు కూడా మానొద్దని మీరే కదా చెప్పారు, విరేచనాలప్పుడు కూడా మానకుండా వేశాను." నిజమే, డిశ్చార్జి రోజున ఆ మాట చెప్పింది నేనే. కాని నేను చెప్పింది సగమే. మందు మానొద్దని చెప్పాను. ఏ రోజున మందు వేసుకునే ముందు మమ్మల్ని అడగాలో చెప్పలేదు. ఆ మిగతా సగమే ఈ పాఠం.

హార్ట్ ఫెయిల్యూర్ అంటే గుండె ఆగిపోవడం కాదు

ఈ పేరు వినగానే చాలామంది భయపడతారు. హార్ట్ ఫెయిల్యూర్ అంటే గుండె కండరం బలహీనపడి, శరీరానికి కావలసినంత రక్తాన్ని పంపలేకపోవడం. దానివల్ల ఆయాసం, పాదాల వాపు, వెల్లకిలా పడుకుంటే ఊపిరాడకపోవడం వస్తాయి. పాత గుండెపోటు, చాలాకాలం అదుపులో లేని బీపీ, చిన్నతనంలో కీళ్లవాతం జ్వరం వల్ల దెబ్బతిన్న కవాటాలు, షుగరు దీనికి ముఖ్య కారణాలు.

గుండె ఒక పంపు. ఈ పంపు నడవాలంటే కరెంటు కావాలి. గుండెలో పైభాగాన సైనస్ నోడ్ అనే చిన్న చోటు ఉంది. అక్కడ పుట్టిన సన్నని విద్యుత్తు కిందికి ప్రవహిస్తే ఒకసారి గుండె కొట్టుకుంటుంది. విశ్రాంతిగా ఉన్నప్పుడు నిమిషానికి 60 నుంచి 100 సార్లు, రోజుకు దాదాపు లక్ష సార్లు ఇలా జరుగుతుంది. రక్తంలోని పొటాషియం, సోడియం, కాల్షియం, మెగ్నీషియం లవణాలు గుండె కణాల లోపలికీ బయటికీ కదలడం వల్లనే ఈ విద్యుత్తు పుడుతుంది. అందుకే ఈ లవణాలు తగ్గినా పెరిగినా లయ చెడుతుంది. బలహీనపడి సాగిన గుండెలో లయ మామూలుగానే తొందరగా తప్పుతుంది. ఆరోగ్యవంతుడికి ఏమీ చేయని మాత్ర ఇటువంటివారికి ఇబ్బంది తెస్తుంది.

దీనికి పెద్ద ఉదాహరణ ఒకటి ఉంది. గుండెపోటు వచ్చినవారిలో అదనపు బీట్లను అణిచివేస్తే వాళ్లు ఎక్కువకాలం బతుకుతారని ఒకప్పుడు డాక్టర్లు అనుకునేవారు. అమెరికాలో పెద్ద పరిశోధన చేశారు. ఫ్లెకైనైడ్, ఎన్‌కైనైడ్ అనే మందులతో ఈసీజీలో అదనపు బీట్లు తగ్గాయి. కాని ఆ మందులు వేసుకున్నవారిలోనే మరణాలు ఎక్కువయ్యాయి. 1989లో ఆ మందులు ఇవ్వడం ఆపేశారు. లయను బాగుచేసే మందే లయను చెడగొట్టగలదని అప్పుడు వైద్యలోకం నేర్చుకుంది.

ఏ మందు ఏమి చేస్తుంది?

మీ మందుల డబ్బా దగ్గర పెట్టుకుని ఈ భాగం చదవండి. స్ట్రిప్పు మీద కంపెనీ పేరు పెద్ద అక్షరాల్లో, అసలు మందు పేరు చిన్న అక్షరాల్లో ఉంటుంది. చిన్న అక్షరాలే ముఖ్యం.

డిగాక్సిన్. లానాక్సిన్ పేరుతో చాలామందికి తెలుసు. ఇది చాలా పాత మందు. 1785లో విలియం విథరింగ్ అనే ఇంగ్లీషు డాక్టరు ఫాక్స్‌గ్లవ్ అనే మొక్క ఆకును ఒంట్లో నీరు పట్టినవారికి ఇచ్చి, తాను చూసినదంతా పుస్తకంగా రాశాడు. మందు ఎక్కువైతే వాంతులు, తల తిరగడం, వస్తువులు పచ్చగా కనబడటం, నాడి 35కు పడిపోవడం జరుగుతాయని అప్పుడే రాసి పెట్టాడు. అంటే మన అమ్మగారి లక్షణాలన్నీ రెండు వందల ఏళ్ల కిందటి పుస్తకంలో ఉన్నవే. మన భాషలో పచ్చ అంటే పసుపు, ఆకుపచ్చ రెండూ. ఈ మందు ఎక్కువైనప్పుడు కనబడేవి కూడా ఆ రెండు రంగులే.

ఈ మందుకు మేలు చేసే మోతాదుకూ కీడు చేసే మోతాదుకూ మధ్య దూరం చాలా తక్కువ. మూత్రపిండాల ద్వారా మెల్లగా బయటికి పోతుంది. విరేచనాలతో ఒంట్లో నీరు తగ్గి మూత్రపిండాలు మందగిస్తే మందు లోపలే పేరుకుపోతుంది. ఇంకొక సంగతి. గుండె కణం మీద డిగాక్సిన్, పొటాషియం రెండూ ఒకే కుర్చీ కోసం పోటీపడతాయి. పొటాషియం తగ్గితే ఆ కుర్చీలో డిగాక్సిన్ ఎక్కువగా కూర్చుంటుంది. అందుకే మాత్ర అదే అయినా, దాని దెబ్బ రెట్టింపవుతుంది.

లాసిక్స్, టోర్సెమైడ్ వంటి నీటి మాత్రలు. ఆయాసం, వాపు తగ్గించడానికి ఇవి తప్పనిసరి. కాని మూత్రంతోపాటు పొటాషియం, మెగ్నీషియం కూడా పోతాయి. పిక్కలు పట్టేయడం, నీరసం, గుండె దడ వస్తే రక్తపరీక్ష అవసరం.

స్పైరోనోలాక్టోన్. ఆల్డాక్టోన్ అని మీకు తెలుసు. 1999లో ప్రచురించిన పరిశోధనలో ఈ మాత్ర తీవ్రమైన హార్ట్ ఫెయిల్యూర్ ఉన్నవారిలో మరణాలను 30 శాతం తగ్గించింది. ఇది పొటాషియాన్ని ఒంట్లోనే నిలుపుతుంది. ఆ పరిశోధన వచ్చాక అందరూ ఈ మందును విరివిగా వాడారు. కెనడాలో లెక్క తీస్తే, పొటాషియం పెరిగి ఆసుపత్రిలో చేరేవారి సంఖ్య బాగా పెరిగిందని 2004లో తేలింది. మందు చెడ్డది కాదు. రక్తపరీక్ష లేకుండా వాడటమే చెడ్డది. ఎనాలాప్రిల్, రామిప్రిల్, టెల్మిసార్టాన్, సాక్యుబిట్రిల్-వల్సార్టాన్ మాత్రలు కూడా పొటాషియాన్ని పెంచుతాయి. రెండు రకాలూ కలిపి వాడేవారు మరీ జాగ్రత్తగా ఉండాలి. పొటాషియం పెరిగితే చాలాసార్లు ఏ నొప్పీ బాధా ఉండదు, నేరుగా గుండె లయే తప్పుతుంది.

కార్వెడిలాల్, మెటోప్రొలాల్, బిసోప్రొలాల్. వీటిని బీటా బ్లాకర్లు అంటారు. ఇవి ఆయుష్షు పెంచుతాయని రుజువైన మందులు. నాడిని నెమ్మది చేయడమే వీటి పని. కాబట్టి నాడి 55, 60 మధ్య ఉండి మనిషి హాయిగా ఉంటే భయపడనక్కరలేదు. కళ్లు తిరిగితే, సొమ్మసిల్లితే, 50 కంటే తగ్గితే తెలియజేయాలి. వీటిని ఒక్కసారిగా మానేయడం ప్రమాదం. ఇవాబ్రాడిన్ కూడా నాడిని తగ్గించేదే. అది వేసుకునేవారిలో కొందరికి కళ్ల ముందు వెలుగులు మెరిసినట్టు ఉంటుంది.

అమియోడరోన్. లయ తప్పినవారికి ఇచ్చే మందు. నాడిని బాగా తగ్గించవచ్చు. థైరాయిడ్, లివరు, ఊపిరితిత్తుల మీద కూడా ప్రభావం చూపుతుంది కాబట్టి ఆరు నెలలకొకసారి రక్తపరీక్షలు ఉంటాయి. ఇది మొదలుపెడితే డిగాక్సిన్ రక్తంలో పెరుగుతుంది, దాని మోతాదు తగ్గించవలసి వస్తుంది. వేరే ఆసుపత్రిలో ఈ మందు రాశారంటే మాకు తప్పక చూపించండి.

మెడికల్ షాపు మాత్రలు

మా వార్డుకు వచ్చే చిక్కుల్లో చాలా భాగం గుండె డాక్టరు రాసిన మందుతో కాదు, దానికి ఇంట్లో కలిపిన మందుతో వస్తాయి.

గ్యాస్ మాత్ర అని మనం అడిగి తెచ్చుకునేవాటిలో చాలావాటిలో పాంటోప్రజోల్‌తోపాటు డొంపెరిడోన్ కలిసి ఉంటుంది. డొంపెరిడోన్ గుండెలో ఒక బీటు తర్వాత కరెంటు సర్దుకునే సమయాన్ని పొడిగించి, ప్రమాదకరమైన లయకు దారి తీయవచ్చు. హార్ట్ ఫెయిల్యూర్ వంటి గుండె జబ్బులు ఉన్నవారికి దీన్ని ఇవ్వకూడదని 2014లో యూరప్ మందుల నియంత్రణ సంస్థ నిర్ణయించింది. మన అమ్మగారు తిన్న గ్యాస్ మాత్రలో కూడా ఇదే ఉంది.

అజిత్రోమైసిన్, క్లారిత్రోమైసిన్, లీవోఫ్లాక్సాసిన్ వంటి యాంటిబయాటిక్ మాత్రలు, ఫ్లూకొనజోల్ అనే ఫంగస్ మాత్ర కూడా ఇటువంటి ఇబ్బంది తేగలవు. క్లారిత్రోమైసిన్ డిగాక్సిన్‌ను కూడా పెంచుతుంది. అవసరమైతే డాక్టరు చూసి ఇస్తారు, మీరు సొంతంగా కొనవద్దు. జలుబు మాత్రల్లో ఉండే ఫినైలెఫ్రిన్ దడ, బీపీ పెంచవచ్చు. డైక్లోఫెనాక్, ఐబూప్రొఫెన్ వంటి నొప్పి మాత్రలు ఒంట్లో నీరు నిలిపి, మూత్రపిండాలను దెబ్బతీసి, పొటాషియం పెంచుతాయి. మోకాళ్ల నొప్పికి ఏది వేసుకోవాలో మమ్మల్ని అడగండి.

దగ్గుకు అతిమధురం చప్పరించే అలవాటు మనకు ఉంది. రోజూ ఎక్కువగా వాడితే అది పొటాషియాన్ని తగ్గిస్తుంది. నీటి మాత్ర, డిగాక్సిన్ వాడేవారు అతిమధురానికి దూరంగా ఉండండి. పచ్చగన్నేరు మొక్కలో డిగాక్సిన్ జాతికి చెందిన విషమే ఉంది. ఆ మొక్క ఏ భాగాన్నీ నాటుమందుగా వాడకూడదు. పిల్లలను దాని కాయలతో ఆడనివ్వకండి.

కొబ్బరినీళ్లు, ఉప్పు

రోగిని చూడటానికి వచ్చేవారు కొబ్బరిబొండాం తేవడం మన ఆచారం. ఒక గ్లాసు కొబ్బరినీళ్లలో సుమారు 400 నుంచి 600 మిల్లీగ్రాముల పొటాషియం ఉంటుంది. పొటాషియం తగ్గినవారికి అది మేలే. కాని ఆల్డాక్టోన్ వేసుకుంటూ, క్రియాటినిన్ ఎక్కువున్నవారు రోజూ రెండు బొండాలు తాగితే కీడు. ఉప్పు తగ్గించమన్నారని బజారులో దొరికే లో సోడియం ఉప్పు వాడేవారు కూడా ఉన్నారు. అందులో సోడియం బదులు కలిపేది పొటాషియమే. అడగకుండా వాడవద్దు.

మరొక పొరపాటు. పొటాషియం తగ్గిందని ఒకసారి సిరప్ రాసి ఇస్తారు. తర్వాత వచ్చినప్పుడు ఆల్డాక్టోన్ మొదలుపెడతారు. ఇంట్లో పాత సిరప్ సీసా కూడా కొనసాగుతూనే ఉంటుంది. కొత్త చీటీ వచ్చినప్పుడు పాత చీటీ మందుల్లో ఏవి ఆపాలో తప్పకుండా అడగండి. రెండు వేరే పేర్లతో ఒకే మందు ఇంట్లో ఉందేమో కూడా చూసుకోండి.

నాడి చూసుకునే పద్ధతి

1990ల మొదట్లో, నేను నర్సింగ్ డిప్లొమా పూర్తిచేసి డ్యూటీలో చేరిన కొత్తలో, ఒక పెద్దాయనకు డిగాక్సిన్ ఇవ్వాలి. తొందరలో పదిహేను సెకన్లు నాడి చూసి, నాలుగుతో హెచ్చవేసి, 72 అని రాశాను. మా సిస్టర్ ఇన్‌ఛార్జి వచ్చి, "నిండు నిమిషం చూశావా?" అని అడిగారు. నేను మాట్లాడలేదు. ఆవిడ వాచీ పట్టుకుని నిలబడి మళ్లీ లెక్కించమన్నారు. నిండు నిమిషానికి 52 వచ్చింది. మధ్యలో ఖాళీలు ఉన్నాయి. ఆ మాత్ర ఆపి డాక్టరు గారిని పిలిచాం. ఆ రోజు నుంచి నేను సగం నిమిషం నాడి ఎప్పుడూ చూడలేదు. మీరూ ఇలా చేయండి.

1. ఉదయం మాత్రలు వేసుకోకముందు ఐదు నిమిషాలు ఊరికే కూర్చోండి.
2. మణికట్టు దగ్గర, బొటనవేలి వైపు, మీ చూపుడు వేలు, మధ్య వేలు ఆనించండి. బొటనవేలితో చూడకండి, దానికి సొంత నాడి ఉంటుంది.
3. సెకన్ల ముల్లు ఉన్న గడియారం చూస్తూ నిండు నిమిషం లెక్కించండి.
4. అంకె, తేదీ నోటు పుస్తకంలో రాయండి. సమంగా ఉందా, తప్పుతోందా అన్నది పక్కన రాయండి.

ఇంట్లో బీపీ మిషన్ ఉన్నా సరే, నాడి సమంగా లేనివారిలో అది చూపే అంకెను పూర్తిగా నమ్మలేము. వేళ్లతోనే చూడండి.

డిగాక్సిన్ వేసుకునేవారికి నాడి 60 కంటే తగ్గితే ఆ రోజు మాత్ర వేసుకునే ముందు మాకు ఫోన్ చేయండి. మీకు వేరే అంకె చెప్పి ఉంటే దాన్నే పాటించండి. ఊరికే కూర్చున్నా నాడి 120 దాటితే కూడా తెలియజేయండి.

మీరు తరచుగా అడిగే ప్రశ్నలు

డిగాక్సిన్ వారానికి ఐదు రోజులే వేసుకుని శని, ఆదివారాలు ఎందుకు మానమంటారు?
ఒక మోతాదులో సగం బయటికి పోవడానికే మూత్రపిండాలు బాగున్నవారిలో కూడా ఒకటిన్నర నుంచి రెండు రోజులు పడుతుంది. పేరుకుపోకుండా అలా రెండు రోజులు విరామం ఇవ్వడం మన దేశంలో ఉన్న పద్ధతి. ఇప్పుడు కొందరు డాక్టర్లు చిన్న మోతాదు రోజూ ఇస్తున్నారు. మీ చీటీలో ఏది ఉంటే అదే చేయండి. పక్కింటివారి చీటీ చూసి మార్చవద్దు.

పొద్దున వేసుకున్నానో లేదో గుర్తులేకపోతే?
మళ్లీ వేసుకోవద్దు. మరునాడు రెండు కలిపి అసలే వద్దు. ఏడు అరల మాత్రల డబ్బా ఒకటి కొనుక్కుంటే ఈ బాధ ఉండదు.

ఇన్ని ఇబ్బందులుంటే మందులు మానేయడమే మేలు కదా?
ఈ ప్రశ్నకే నేను భయపడతాను. ఈ పాఠం చదివి ఒక్కరు మందు మానేసినా నేను రాసింది వ్యర్థం. బీటా బ్లాకర్లు, ఆల్డాక్టోన్ వంటి మందులు మరణాన్ని దూరం పెట్టేవి. డిగాక్సిన్ ఆయుష్షు పెంచకపోయినా, ఆసుపత్రిలో చేరవలసిన అవసరాన్ని తగ్గిస్తుందని 1997లో ప్రచురించిన పెద్ద పరిశోధనలో తేలింది. మందులు మానేస్తే ఆయాసం, నీరు మళ్లీ వస్తాయి. మానడం కాదు, కనిపెట్టుకుని ఉండటం కావాలి.

ఈ భాగం కత్తిరించి బీరువా తలుపుకు అంటించండి

వెంటనే 108కి ఫోన్ చేయవలసినవి: సొమ్మసిల్లి పడిపోవడం, ఛాతీనొప్పి, ఆగని దడతో ఆయాసం, నాడి 40 కంటే తగ్గడం.

అదే రోజు మాకు ఫోన్ చేయవలసినవి: వాంతులు, విరేచనాలు, అన్నం తినలేకపోవడం, మూత్రం బాగా తగ్గడం, వస్తువులు పచ్చగా కనబడటం లేదా దీపాల చుట్టూ వలయాలు, పెద్దవారిలో కొత్తగా తికమక మాటలు, కొత్తగా నాడి తప్పడం. జబ్బుపడిన ఆ రోజుల్లో ఏ మాత్ర వేసుకోవాలో, ఏది ఆపాలో డాక్టరు గారే చెబుతారు.

పొటాషియం, క్రియాటినిన్ పరీక్ష: మందు కొత్తగా మొదలుపెట్టినా, మోతాదు మార్చినా ఒకటి రెండు వారాల్లో. తర్వాత డాక్టరు చెప్పిన తేదీకి. పొటాషియం 3.5 నుంచి 5 లోపు ఉండటం మామూలు.

ఎప్పుడు ఏ డాక్టరును చూసినా, పన్ను తీయించుకోవడానికి వెళ్లినా, మందుల డబ్బా మొత్తం తీసుకువెళ్లండి.

ఆ అమ్మగారి సంగతి చెప్పి ముగిస్తాను. డిగాక్సిన్ ఆపి, పొటాషియం సరిచేసి, నాలుగు రోజులు మానిటర్ మీద ఉంచాం. మూడో రోజు ఉదయం ఆమె నన్ను పిలిచి, "గోడ తెల్లగా కనబడుతోందమ్మా" అన్నారు. ఆ రోజు నాడి 66. తర్వాత డాక్టరు గారు మందులు మార్చి ఇంటికి పంపారు. ఇప్పుడు ఏడో తరగతి చదువుతున్న మనవడు బడికి వెళ్లేముందు ఆమె నాడి చూసి నోటు పుస్తకంలో రాస్తున్నాడు. చెకప్‌కు వచ్చినప్పుడల్లా ఆ పుస్తకం నా బల్ల మీద పెడతారు. అందులో ఒక్క రోజు కూడా ఖాళీ లేదు.

ఇప్పుడు మన డిశ్చార్జి చీటీ మీద "మందు మానవద్దు" అన్న మాట కింద ఇంకొక వరుస చేర్చాం: "వాంతులు, విరేచనాలు అయితే మాత్ర వేసుకునే ముందు ఫోన్ చేయండి." అది చేర్చమని అడిగింది ఆ కోడలు.